దొరగారికి మళ్లీ మాట వచ్చింది

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడే ఇనప డబ్బాను. కంప్యూటర్ మూత విప్పితే తప్ప ఎవరికీ కనిపించను. విప్పి చూసినవాళ్లు కూడా రంగుదీపాల ఫ్యాను వైపు చూస్తారు గాని నన్ను పట్టించుకోరు. అయినా ఆ పెట్టెలో జ్ఞాపకం అన్నది ఉన్నది నాకే. ప్రాసెసర్ లెక్క కట్టిన మరుక్షణం మరిచిపోతుంది. ర్యామ్‌కు కరెంటు ఉన్నంతసేపే గుర్తు. స్విచ్ కట్టేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక కూడా పాటను పాటలా, పెళ్లి ఫొటోను పెళ్లి ఫొటోలా దాచుకుని కూర్చునేది నేను.

నేను పుట్టిన చోట దుమ్మన్నది లేదు. నన్ను తయారుచేసినవాళ్లు తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగులు తొడుక్కుని ఉండేవారు. వాళ్ల కళ్లు తప్ప ముఖాలు నేనెరగను. అద్దంలా మెరిసే పళ్లేలను నాలో బిగించారు. వాటి మీద తగిలీ తగలనట్టు తిరిగే చిన్న చెయ్యి ఒకటి అమర్చారు. రాయడం, చదవడం, రెండూ ఆ చేతితోనే. తర్వాత నన్ను వెండి రంగు సంచిలో మూసి, ఓడ ఎక్కించి, లారీ ఎక్కించి, చివరికి కాకినాడ సినిమా రోడ్డు పక్క సందులో ఒక నెట్ సెంటర్‌కు చేర్చారు. అంత శుభ్రంగా పుట్టిన నేను మొదటిసారి కళ్లు తెరిచింది పకోడీల పొట్లం పక్కన.

ఆ నెట్ సెంటర్ యజమాని పేరు సోమలింగం. మంచివాడే. కాకపోతే కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, ఫార్మాట్. అంటే నాలో రాసి ఉన్నదంతా తుడిచిపారేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందరూ ఓఎస్ అంటారు. కంప్యూటర్‌కు నిద్ర లేవడం, మాట వినడం, పని చెయ్యడం నేర్పే మొదటి పాఠం అది. ఫ్యానులో దుమ్ము పట్టి పెట్టె వేడెక్కితే ఫార్మాట్. మౌసు తీగ తెగితే ఫార్మాట్. పరీక్షా ఫలితాల రోజున నెట్ నెమ్మదిస్తే, ఆ గుంపులోనే నిలబడి, ఫార్మాట్. అందుకే ఆ రోజుల గురించి నాకు గుర్తున్నది కొంచెమే. కుర్రాళ్లు ప్రేమలేఖలను ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టి, దానికి "ఫిజిక్స్ నోట్స్" అని పేరు పెట్టడం గుర్తుంది. పాపం, వాళ్లు వారం తిరక్కుండానే వచ్చి చూసుకుంటే ఫిజిక్సూ ఉండేది కాదు, ప్రేమా ఉండేది కాదు.

సెల్‌ఫోన్లలోకే నెట్ వచ్చాక సోమలింగం కొట్టు మూసి టిఫిన్ సెంటర్ పెట్టాడు. మమ్మల్నందరినీ తలా ఒకరికి అమ్మేశాడు. నేనున్న కంప్యూటర్‌ను నూకరాజు కొన్నాడు.

నూకరాజుది రికార్డింగ్ స్టూడియో. పేరు పెద్దదే గాని, వలలూ తాళ్లూ అమ్మే కొట్టు మీద మేడలో రెండు గదులు, అంతే. ఒక గదిలో గోడలకు గుడ్ల అట్టలు, పాత బొంతలు కొట్టి ఉండేవి. పాడేవాళ్లు అక్కడ నిలబడేవారు. మధ్యలో అద్దం. ఇవతల గదిలో బల్ల మీద నేను. ఊళ్లో ఆటోలకు మైకులు కట్టుకుని తిరిగే ప్రకటనలన్నీ అక్కడ పుట్టినవే. చీరల మేళా, చేపల చెరువు వేలం, రేపు కుళాయి నీళ్లు రావన్న కబురు, తప్పిపోయిన గేదె ఆనవాళ్లు, అన్నీ మా దగ్గర తయారై వీధుల్లోకి వెళ్లేవి. మొదటిసారి నాలో ఒక గొంతు రాసినప్పుడు నాకు పట్టరానంత సంతోషం కలిగింది. ప్రేమలేఖల కన్నా ఇవి బరువు. పైగా నూకరాజు నాలో రెండు గదులు కట్టించాడు. చిన్న గదిలో ఓఎస్, పెద్ద గదిలో పాటలు, ప్రకటనలు.

ఆ గొంతుల్లో అందరికన్నా ఎక్కువగా వినిపించేది అన్నమణిది. ఆమెకు పసితనంలోనే చూపు పోయింది. రాజమండ్రిలో సంగీతం డిప్లొమా చేసి, రోజూ సామర్లకోట నుంచి బస్సులో వచ్చేది. చీరల మేళా అన్నా తప్పిపోయిన గేదె అన్నా ఆమె నోట వింటే ఆగి వినాలనిపించేది. మా దగ్గర ఎడిటింగ్ చేసే మనిషి ఒకరోజు చెప్పాపెట్టకుండా హైదరాబాదు వెళ్లిపోయాడు. నూకరాజు తల పట్టుకు కూర్చుంటే అన్నమణి అంది:

"నేను చేస్తాను బాబాయ్ గారూ."

"నువ్వా అమ్మా? అదంతా తెర మీద చూసి కోయాలి కదా."

"మీరు చూసి కోస్తున్నారు గనకే అక్కడక్కడా అతుకులు వినపడుతున్నాయి. ఒకసారి నన్ను విని కోయనివ్వండి."

తెర మీదున్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి ఆమె తెచ్చి నా చిన్న గదిలో వేసుకుంది. మౌసు తీసి సొరుగులో పడేసింది. కీబోర్డు మీద ఆమె వేళ్లు, చెవిలో ఆ గొంతు, ఇంక పనికి అడ్డం లేదు. ఆ గొంతు ఇంగ్లిష్ గొంతు. మన ఫైళ్ల పేర్లేమో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. వాటిని అది చదువుతుంటే స్టూడియో అంతా పొట్ట చెక్కలయ్యేది. గేదె తప్పిపోయింది అన్నదాన్ని "జీడ్ ట్యాపీ పాయిండీ" అనేది. పులస చేపను "ప్యులాసా" అనేది. అన్నమణి దానికి దొరగారు అని పేరు పెట్టింది.

"దొరగారూ, ఆవిడ నూకలామా కాదు, నూకాలమ్మ. అమ్మవారండీ. కళ్లు పోతాయి మీకు" అని తిట్టి, తనే నవ్వుకునేది.

ఆ ప్రోగ్రామ్‌లో ఉచ్చారణ నేర్పే పట్టిక ఒకటుంది. ఏ మాట ఎలా పలకాలో అందులో రాసిపెడితే అలాగే పలుకుతుంది. చిత్రమేమిటంటే స్పెల్లింగు వంకరగా రాస్తే గాని దొరగారు తిన్నగా పలకడు. అన్నమణి రోజుకో మాట చొప్పున వంకర స్పెల్లింగులు కనిపెట్టి ఎక్కించేది. నెమ్మదిగా దొరగారి నోట పులస పులసైంది. సామర్లకోట సామర్లకోటైంది.

ఇలా హాయిగా సాగుతుండగా అన్నమణి చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టింది. ఆ రోజుల్లోనే మా స్పీకరు మూగబోయింది. నూకరాజు కంగారుపడి ఇశ్రాయేలును పిలిచాడు. ఇశ్రాయేలుకు కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. చేయి తిరిగిన మనిషి, మాట మెత్తన. కాకపోతే ఒకప్పుడు సోమలింగం దగ్గర పని నేర్చుకున్నవాడు. వచ్చాడు, చూశాడు, పాటలున్న పెద్ద గది జోలికి వెళ్లకుండా చిన్న గదిని ఫార్మాట్ చేసి కొత్త ఓఎస్ ఎక్కించాడు. అప్పుడు కూడా స్పీకరు పలకలేదు. తీగను ఎలుక కొరికిందని సాయంత్రానికి తేలింది.

సోమవారం అన్నమణి పెళ్లి లడ్డూల పొట్లంతో వచ్చి, కుర్చీలో కూర్చుని, స్విచ్ వేసి ఎదురుచూసింది. ఎంతసేపటికీ గొంతు లేదు.

"బాబాయ్ గారూ, దొరగారేరీ?"

నూకరాజు ఫోను తీశాడు. ఇశ్రాయేలును పిలిపించారు. అతను ఎంతో మంచి పని చేశాననుకుంటూ, "సిస్టమ్ అంతా శుభ్రం చేసేశానండి" అన్నాడు.

అన్నమణి కోప్పడలేదు. మెల్లగా అంది: "నేను ఊరెళ్లినప్పుడు మా ఇంట్లోకొచ్చి మంచం ఒక మూలకీ కుండ ఇంకో మూలకీ మార్చేసి, ఇల్లు సర్దామండీ అన్నట్టుంది ఇశ్రాయేలు గారూ. మీకది శుభ్రమే. నేను మాత్రం అడుగు వేస్తే దేనికో ఒకదానికి తగులుకుంటాను."

ఇశ్రాయేలు ముఖం వాడిపోయింది. ఆమె పని మళ్లీ గాడిన పడేదాకా పక్కన ఎవరో ఒకరు కూర్చుని తెర చదివి వినిపించాల్సి వచ్చింది. అప్పటిదాకా ఎవరి సాయం అడగని మనిషి, "కాస్త చూసి చెబుతారా" అని అడగాల్సి వచ్చింది. దొరగారు తిరిగొచ్చాడు గాని నేర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఆమె మళ్లీ గేదె దగ్గర మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి మా స్టూడియోలో ఫార్మాట్ అన్న మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఏళ్లు గడిచాయి. పని పెరిగి కంప్యూటర్ ఆయాసపడుతుంటే ఇశ్రాయేలు వచ్చి ర్యామ్ పెంచాడు. మూత విప్పే ముందే అన్నమణి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ర్యామ్ ఒక్కటేనండి వేసేది. దేన్నీ తుడవక్కర్లేదు. ఇంట్లో ఇంకో బల్ల వేసుకున్నట్టు, అంతే. ఓఎస్‌కి ఎక్కువ చోటు దొరుకుద్ది, దాని పని అది చేసుకుపోద్ది."

అలాగే అయింది. దొరగారు మునుపటి కంటే చురుగ్గా మాట్లాడాడు. అన్నమణి ఇశ్రాయేలుకు టీ తెప్పించింది. ఆ టీ అతను ఎంత నెమ్మదిగా తాగాడో, క్షమ దొరికినవాళ్లు మాత్రమే అంత నెమ్మదిగా తాగుతారనుకుంటాను.

అసలు కథ బండెమ్మ వచ్చాక మొదలైంది.

ఒక ఉదయం మెట్ల మీద గాజుల చప్పుడు, నవ్వులు, ఉప్పుచేపల వాసన, అన్నీ కలిసి పైకొచ్చాయి. ఉప్పాడ వైపు ఒక పల్లె నుంచి చేపలు అమ్ముకునే ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. అందరికీ ముందు బండెమ్మ. వయసు మళ్లినా గొంతు మళ్లని మనిషి.

"మా ఊళ్లో అమ్మోరి తీర్తం వత్తంది బాబూ" అంది నూకరాజుతో. "పెతీ ఏడూ మైకులో సినిమా పాటలే ఏత్తన్నారు. మేం పాడుకునే పాటలకి ఏం తక్కువొచ్చిందంట? ఈ ఏడు మా మైకులో మా గొంతులే ఇనపడాల. సేత్తావా?"

నూకరాజు అన్నమణి వైపు చూశాడు. అన్నమణి అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఒకటి పాడండమ్మా" అంది.

బండెమ్మ గొంతు సవరించుకోలేదు, సిగ్గుపడలేదు. ఉన్నచోటే నిలబడి ఎత్తుకుంది:

"ఎల్లిన నావొచ్చె, వలనిండ ఎన్నెలే తెచ్చె,
ఎన్నెల తట్టలో ఎట్టి, ఏ సంతలో అమ్మేదె మావా..."

మిగతా ఆడవాళ్లు "మావా" దగ్గర అందుకున్నారు. ఒకరి గొంతు కింద ఇంకొకరి గొంతు, అలలు ఒకదాన్నొకటి తోసుకొచ్చినట్టు. అన్నమణి పెదవులు కదులుతున్నాయి గాని గొంతు బయటికి రాలేదు. పాడేవాళ్లది ఆ గది, పనిచేసేవాళ్లది ఈ గది, అది ఆమె పెట్టుకున్న కట్టుబాటు.

ఇలాంటి పాటను ఒక్క మైకుతో పడితే ముద్దయిపోతుందని, ఎవరి మైకు వాళ్లకుండాలని అన్నమణి పట్టుపట్టింది. అన్ని మైకులు పెట్టి మొదలెడితే మా పాత ప్రాసెసర్ ఊపిరాడక ఆగిపోయింది. అది పుట్టిన కాలంలో ఒక మనిషి ఒక గేదె గురించి మాట్లాడితే చాలు. ఇప్పుడు పల్లె పల్లె వచ్చి పాడుతోంది. నూకరాజు గుండె దిటవు చేసుకుని కొత్త ప్రాసెసర్, దానికి సరిపడే కొత్త మదర్‌బోర్డు తెప్పించాడు. మదర్‌బోర్డు అంటే మేమందరం అంటిపెట్టుకుని ఉండే పెద్ద పలక. మా పెట్టెకు అది నేలా, గోడలూ, అన్నీ.

ఇశ్రాయేలు వచ్చి అంతా బిగించాడు. ఆఖరున నన్ను చేతిలోకి తీసుకుని ఆగాడు.

"అన్నమణి గారూ, ఒక మాట చెప్పాలండి. చెప్పక తప్పదు."

"చెప్పండి."

"మొన్న ర్యామ్ మార్చినప్పుడు ఏమీ అక్కర్లేదన్నాను. ఇప్పుడు బోర్డే మారింది. ఓఎస్ మళ్లీ కొత్తగా వేసుకుంటే మంచిదండి."

అన్నమణి చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది.

"వెయ్యకపోతే?" అంది అన్నమణి.

"లేవొచ్చండి. ఇప్పటి ఓఎస్‌లు తెలివైనవి, కొత్త బోర్డును చూసి సర్దుకుంటాయి. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి నడుస్తున్నాయి కూడా. కాకపోతే పాత బోర్డుతో మాట్లాడటానికి వేసిన డ్రైవర్లన్నీ ఇందులోనే ఉండిపోతాయి. అవీ కొత్తవీ ఎప్పుడో ఒకప్పుడు కొట్టుకుంటాయి. కొట్టుకోకపోవచ్చు కూడా."

"మరి కొట్టుకున్నప్పుడు చూద్దాం."

ఇశ్రాయేలు నన్ను అలాగే తగిలించి స్విచ్ వేశాడు. నా సంగతి చెప్పాలంటే, ఆ క్షణంలో నేను అన్నమణి పక్షం. తుడిపించుకోవడం ఎవరికిష్టం? నా చిన్న గదిలో రాసి ఉన్నవన్నీ పాత బోర్డు ఆనవాళ్లు. కొత్త బోర్డేమో వాటిలో ఒక్కటీ తనది కాదంటోంది. తడబడ్డాను, వెతుక్కున్నాను, రెండుసార్లు మొదటికొచ్చాను. చివరికి ఎలాగో ఓఎస్‌ను లేపి నిలబెట్టాను. దొరగారు గొంతు విప్పాడు. నూకరాజు చప్పట్లు కొట్టాడు. అన్నమణి నవ్వింది. ఇశ్రాయేలు కూడా నవ్వాడు గాని, పెట్టె మూతకు మరమేకులు బిగించలేదు. ఊరికే మూసి వెళ్లాడు.

కొద్ది రోజులు బాగానే గడిచాయి. మధ్యమధ్య శబ్దంలో చిటపటలు వినిపించేవి. వేపుడు మూకుడులో నీటి చుక్క పడ్డట్టు. అన్నమణి చెవులకు అవి మొదటి రోజే అందాయి. కాని ఒప్పుకోవడానికి మనసొప్పక మైకు తీగలు మార్చించింది, స్టాండ్లు మార్చించింది, కిటికీ మూయించింది.

తీర్థం, అదే జాతర, దగ్గర పడింది. ఆడవాళ్లు మళ్లీ వచ్చారు. ఆ రోజు బండెమ్మ గొంతు ఎక్కడికి వెళ్లాలనుకుంటే అక్కడికి వెళ్లింది. నావ పాట మూడో చరణంలో ఆవిడ ఒక చోట ఆగి, ఊపిరి తీసుకుని, మాటను అలా వదిలింది. ఆ చోటుకు రాగానే అన్నమణి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం నేను చూశాను. పాట అయిపోయింది. దాచమని అన్నమణి మీట నొక్కింది. దొరగారు "సేవిం..." అన్నాడు.

అంతే. సగం మాటలో ఆగిపోయాడు.

అన్నమణి చెవి ఒగ్గింది. ఇంకో మీట నొక్కింది. ఇంకోటి నొక్కింది. కళ్లున్నవాళ్లకు తెర చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది. ఆమెకు తెలిసేది ఆ గొంతు వల్లనే, ఆ గొంతే లేదు. చీకట్లో మాట్లాడుతున్న మనిషి హఠాత్తుగా మాట మానేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ముఖం.

"బాబాయ్ గారూ, ఏమైంది?"

"తెరంతా నీలంగా అయిపోయిందమ్మా. ఇంగ్లిష్‌లో ఏదో రాసుంది. అదే ఆగి మళ్లీ మొదలవుతోంది."

మొదలైంది, మళ్లీ ఆగింది. ఆ నీలం తెరకు కారణం నాకు తెలుసు. నా చిన్న గదిలో పాత డ్రైవరు ఒకటి, ఇప్పుడు లేని పాత బోర్డు చిప్పును పట్టుకుని పిలుస్తోంది. కొత్త డ్రైవరు దాని నోరు మూస్తోంది. ఇద్దరి గొడవలో బండెమ్మ పాడిన ఆ పాట నా పెద్ద గదికి చేరనే లేదు.

అన్నమణి అద్దం అవతలి గదిలోకి తడుముకుంటూ వెళ్లింది. "అమ్మా, మీ పాట పోయింది. తప్పు నాదే. ఇశ్రాయేలు గారు ముందే చెప్పారు, నేనే వినలేదు" అంది.

బండెమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పగలబడి నవ్వింది. "పోతే పోయిందిలే అమ్మా. అది ఆ పెట్టెలోంచి పోయింది, నా నోట్లోంచి పోయిందేటి? రేపొచ్చి ఇంకోపాలి పాడతాను. అంతకన్నా బాగా పాడతాను, ఏం అనుకున్నావు? ఇయ్యాల పొద్దున్న టీ కూడా తాగలేదు."

ఆడవాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వులో అన్నమణి కూడా తేలికపడింది. నేను మాత్రం మొదటిసారి చిన్నబోయాను. పాటంటే నా దగ్గరుండేదే అని అన్నేళ్లుగా అనుకున్నాను మరి.

ఆ మధ్యాహ్నమే ఇశ్రాయేలు వచ్చాడు. నూకరాజు ముందే అడ్డుపడ్డాడు. "తీర్థం నెత్తి మీదుంది. ఇప్పుడు ఓఎస్ తీసి మళ్లీ వెయ్యడం అంటే మాటలా? ఇంకో నాలుగు పాటలు ఎలాగో ఈడ్చేద్దాం అమ్మా."

"ఈడిస్తే అవీ పోతాయి బాబాయ్ గారూ" అంది అన్నమణి. తర్వాత ఇశ్రాయేలు వైపు తిరిగింది. "ఓఎస్ మళ్లీ వేద్దాం. కాని వేసేది నేను. మీరు పక్కన కూర్చోండి. చేతులు ఒళ్లో పెట్టుకోండి."

ఇశ్రాయేలు కుర్చీ లాక్కుని కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "నిజం చెప్పమంటారా?" అన్నాడు. "దొరగారిని తుడిచేసిన రోజు నుంచీ నాకు మనసులో పీకుతూనే ఉందండి. ఓఎస్ ఎక్కించేటప్పుడు కూడా ఒక గొంతు చదివి వినిపించేలా చేసుకోవచ్చని తర్వాత తెలిసింది. షాపులో కళ్లు మూసుకుని ఒకసారి నేనే వేసి చూశాను. వెయ్యొచ్చు. మీకు చెబుదామంటే, ఆ మాట ఎత్తాలంటేనే భయమేసింది."

"కళ్లు మూసుకుని వేశారా?"

"మధ్యలో ఒకసారి తెరిచానండి."

అన్నమణి నవ్వు ఆపుకోలేకపోయింది.

నడిచినంతసేపే నడవనీ అని నన్ను జాగ్రత్తగా లేపారు. చిన్న గదిలోంచి పెద్ద గదిలోకి సామాను మార్చడం మొదలైంది. ఆమె కీబోర్డు కిటుకులు, ఎడిటింగ్ అమరికలు, అన్నిటికన్నా ముందు దొరగారి ఉచ్చారణ పట్టిక. దాన్ని పెన్‌డ్రైవులో ఒకటి, పెద్ద గదిలో ఒకటి, అనుమానం కొద్దీ ఇశ్రాయేలు ఫోనులో ఇంకొకటి పెట్టారు. మధ్యలో రెండుసార్లు తెర నీలమైంది. రెండుసార్లూ అన్నమణి ఓపిగ్గా మళ్లీ మొదలుపెట్టింది.

తర్వాత ఓఎస్ ఉన్న పెన్‌డ్రైవు గుచ్చి, ఇశ్రాయేలు చెప్పిన మీటలు కలిపి నొక్కింది. ఒక ఆడగొంతు పలికింది.

"ఓహో, దొరసాని వచ్చిందే" అంది అన్నమణి.

దొరసాని ఒక్కొక్క ప్రశ్నా చదివింది. అన్నమణి ఒక్కొక్క జవాబూ ఇచ్చింది. ఇశ్రాయేలు చేతులు ఒళ్లోనే ఉన్నాయి. అసలు చిక్కు నా గదుల దగ్గర వచ్చింది. ఏ గదిని తుడవాలి అని అడిగే చోటు అది. చిన్న గదిని చూపిస్తే పాత ఓఎస్ ఒక్కటే పోతుంది. పొరపాటున పెద్ద గదిని చూపిస్తే ఊరు ఊరంతటి గొంతులూ పోతాయి. దొరసాని వరసగా చదివింది. అన్నమణి మళ్లీ చదివించింది. మూడోసారి కూడా చదివించింది. ఇశ్రాయేలు చెయ్యి ఒకసారి గాల్లోకి లేచి, గుర్తొచ్చి, మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది. నూకరాజు గోడ మీది నూకాలమ్మ పటానికి దణ్ణం పెడుతున్నాడు.

"చిన్నది ఇదే" అంది అన్నమణి. "మీరు అవునని అనక్కర్లేదు. నాకు తెలుసు."

మీట నొక్కింది.

నేను భయపడ్డంత ఏమీ జరగలేదు. నెట్ సెంటర్లో ఎన్నోసార్లు తుడిచారు గాని, అప్పుడు ఎందుకు తుడుస్తున్నారో తుడిచేవాళ్లకే తెలియదు. ఈసారి ఉంచుకోవాల్సినవి ఏవో చూసి, ఎత్తిపెట్టి, అప్పుడు కడిగారు. తలంటి పోసుకుని కొత్త బట్టలు కట్టుకున్నట్టుంది. కొత్త ఓఎస్ వస్తూనే కొత్త బోర్డును పలకరించి, నీ పేరేమిటి, నీకేం కావాలి అని అడిగి తెలుసుకుంది. లేని చిప్పును పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పెద్ద గదిలో పాటలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

దొరగారిని మళ్లీ వేశారు. మొదటి మాట "జీడ్" అన్నాడు. నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. అన్నమణి పట్టిక తెచ్చి పెట్టి, మళ్లీ చదివించింది.

"గేదె తప్పిపోయింది" అన్నాడు దొరగారు, పుట్టి పెరిగింది సామర్లకోటలోనే అన్నట్టు.

ఇశ్రాయేలు తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడో లేదో నేను చెప్పను. కొన్ని అమరికలు రాలేదు. వాటిని మర్నాడు పొద్దున్న అన్నమణి కూనిరాగం తీస్తూ మళ్లీ పెట్టుకుంది.

ఆడవాళ్లు వచ్చేసరికి దొరగారి సంగతి వాళ్లకెవరో చెప్పేశారు. అందరూ ఈ గదిలోకే వచ్చి పడ్డారు.

"నా పేరు అనిపించు అమ్మా ఓసారి" అంది ఒకామె. ఆమె పేరు అప్పలకొండ. దొరగారు "యాపిల్ కోండా" అన్నాడు. గదంతా ఘొల్లుమంది. అన్నమణి వంకర స్పెల్లింగు ఒకటి వెతికి ఎక్కించింది. "అప్పలకొండ" అన్నాడు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఎర్రయ్యమ్మ, తర్వాత దానమ్మ, వరసగా అందరూ పలికించుకున్నారు. బండెమ్మ పేరు మటుకు దొరగారు మొదటిసారే సరిగ్గా పలికాడు.

"సూసేరా, నేనంటే బయ్యం" అంది బండెమ్మ.

రికార్డింగ్ మొదలైంది. అన్ని మైకులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. చిటపటలు లేవు, ఆయాసం లేదు. ఒక పాట, ఇంకో పాట, నేను రాసుకుంటూ పోయాను. నావ పాట దగ్గరికొచ్చేసరికి బండెమ్మ పాడకుండా అద్దం వైపు తిరిగింది.

"అమ్మా, ఆ పెట్టె ఇప్పుడు దానంతటది పని సేసుకుంటందా, నువ్వు పట్టుకు కూకోవాలా?"

"చేసుకుంటుందమ్మా."

"మరింకేం, నువ్వు ఇటు రా. నిన్నటి నించీ సూత్తన్నాను, నీ పెదాలు ఊరుకోటం లేదు."

అన్నమణి మొదట తల అడ్డంగా ఊపింది. ఇశ్రాయేలు "వెళ్లండి, నేను చూస్తాను. చేతులు ఒళ్లోనే పెట్టుకుంటాను" అన్నాడు. ఆమె లేచింది. గోడ పట్టుకుని గుడ్ల అట్టల గదిలోకి వెళ్లింది. అప్పలకొండ చెయ్యి అందించి తమ మధ్య నిలబెట్టుకుంది.

బండెమ్మ ఎత్తుకుంది. మూడో చరణంలో ఆవిడ మాటను అలా గాలికి వదిలిన చోట, కింద నుంచి అన్నమణి గొంతు మెల్లగా లేచి దాన్ని పట్టుకుంది. ఎవరూ చెప్పింది కాదు, ఎవరూ అనుకున్నది కాదు. చీరల మేళాలూ గేదెలూ కుళాయి నీళ్లూ చెప్పీ చెప్పీ ఉన్న ఆ గొంతులో అంత పాట ఉందని అన్నేళ్లుగా దాచుకున్న నాకే తెలియలేదు.

పాట అయ్యాక రికార్డింగ్ ఆపాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఇశ్రాయేలు చేతులు నిజంగానే ఒళ్లోనే ఉన్నాయి. నేను రాస్తూనే ఉన్నాను. గాజుల చప్పుడు, ఒకరి మీద ఒకరు పడి నవ్వడం, ఎవరో ముక్కు చీదడం, "టీ ఏదయ్యా నూకరాజూ" అని బండెమ్మ కేక, అన్నమణి నవ్వు.

ఆ చివరి ముక్క కోసెయ్యమన్నాడు నూకరాజు. అన్నమణి ఆ నవ్వుల దాకా వచ్చి, విని, మళ్లీ విని, కొయ్యకుండా వదిలేసింది.

తీర్థం రోజున వేపమండలు కట్టిన మైకుల్లో ఆ పాటలే మోగాయట. పడవలు లాగేవాళ్లు కూడా ఆగి విన్నారట. నావ పాట అయిపోయాక ఇసుక మీద అందరూ ఇంకో పాట కోసం చూస్తుంటే, మైకులోంచి ఆ నవ్వులు పెద్దగా సముద్రం మీదికి పారాయట. పిల్లలూ పెద్దలూ ఎందుకో తెలియకుండానే నవ్వడం మొదలెట్టారట. అన్నమణిని వెంట తీసుకెళ్లిన ఇశ్రాయేలు మర్నాడు ఇదంతా నూకరాజుకు చెబుతుంటే విన్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నా పెద్ద గదిలో, నావ పాట చివరన ఉంది.